తడిసిన తర్వాతే రాయి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త గుడారాన్ని వాడి చూసి, కొనేవాళ్ల కోసం నువ్వు రాసి పంపిన కాగితాలు రెండుసార్లు చదివాను. చక్కగా రాశావు. కానీ ‘ఎంత వానకైనా చుక్క నీరు లోపలికి రాదు’ అన్న చోట ఆగిపోయాను. నువ్వు దాన్ని వేసింది మే నెలలో కదా! రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో చంద్రగిరి పక్కన వేసిన గుడారం వానకు ఆగుతుందని నీకెలా తెలిసింది? సంచి మీద అలా రాసి ఉంది, అంతే. అది అమ్మేవాళ్ల మాట. నీ పేరు పెట్టి నువ్వెలా చెబుతావు?

మన వైపు అసలు వాన దీపావళి ముందూ వెనకా మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలదే రాజ్యం. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోవడం నువ్వూ చూశావు. గుడారం ఆ కాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి పరీక్షకు నిలవాలి. అంతవరకు ‘ఎండకు చూశాను, వానకు ఇంకా చూడలేదు’ అని రాయి. అలా రాస్తే చిన్నతనమేమీ కాదు.

ఒకరి మాట నమ్మి నేనూ ఒక గుడారం కొన్నాను. కార్తీక మాసంలో మన మామిడితోటలో వేసుకుని పడుకున్నాను. పైకప్పు బాగానే ఆగింది. అర్ధరాత్రి లేచి మోకాళ్ల మీద కూర్చుంటే, సరిగ్గా మోకాలు ఆనిన చోట రెండు తడి మచ్చలు లేచాయి. కింద నేల నానిపోయింది, గుడారం అడుగు బట్ట పలచన. ఒంటి బరువంతా ఒకచోట పడేసరికి నీరు పైకి ఊరింది. ఆ మాట చెప్పినాయన అందులో మోకాళ్ల మీద కూర్చున్నాడో లేదో నాకు తెలియదు. తెల్లవారేసరికి నా దుప్పటి మాత్రం తడిసి ముద్దయింది. అందుకే బట్ట మీద 3000 మిల్లీమీటర్లని ఉంటే మురిసిపోకు. అంత ఎత్తు నీటి బరువుకు ఆ బట్ట ఓర్చుకుంటుందని దాని అర్థం. కుట్ల సంగతి ఆ అంకె చెప్పదు.

లోపల తడి కనిపించగానే కారిందని కూడా రాసేయకు. తెల్లవారుజామున టార్చి వేసి చూడు. పైకప్పు నిండా సన్నటి చెమటలా పట్టి ఉంటే అది నీ ఊపిరి ఆవిరే. గాలి ఆడే కిటికీలు తెరిచి మరుసటి రాత్రి మళ్లీ చూడు. కుట్టు వెంబడి వరసగా చుక్కలు కట్టి, ఒక్కొక్కటే జారుతుంటే అది కారడం. రెండూ ఒకటేనని రాస్తే మంచి సరుకుకు అన్యాయం చేసినవాడివవుతావు.

ఇక గాలం తీగను పరీక్షించి రాసే సంగతి. చేప పడితే తీగ మంచిది, పడకపోతే చెడ్డదని తేల్చకు. ఇంట్లోనే తీగను గంటసేపు బకెట్లో నానబెట్టు. నైలాన్ నీరు పీల్చుకుంటే బలం తగ్గుతుంది. నువ్వు చెరువులో వేసే ముడే వేసి, స్ప్రింగు త్రాసుకు తగిలించి మెల్లగా లాగు. తెగినప్పుడు త్రాసు ముల్లు ఎక్కడుందో రాసుకో. ఐదుసార్లు చేయి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదీ చెప్పు. నాలుగున్నర కిలోలని రాసి ఉన్న తీగ నా చేతిలో మూడు చిల్లరకే తెగింది, అదీ ముడి దగ్గర. తప్పు తీగది కాదు. ముడిని తడపకుండా బిగించాను, ఆ రాపిడి వేడికి అది దెబ్బతింది. ఉమ్మితో తడిపి బిగిస్తే అదే తీగ మరికాస్త ఆగింది. తామర తూళ్లలోకి దూసుకుపోయే కొరమీనును ఆపాల్సింది ఆ ‘మరికాస్తే’. అన్నట్టు, ఎర్రటి పిల్లల గుంపును కాస్తున్న కొరమీను కనిపిస్తే గాలం వేయకు. నీ పరీక్ష కోసం ఆ సంసారం కూలకూడదు.

తలకోన, శేషాచలం అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి మకాం తలపెట్టవద్దు. అది జాతీయ పార్కు, పైగా ఎర్రచందనం ఉన్న అడవి. పలమనేరు వైపు ఏనుగులు పొలాల మీదికే వస్తుంటాయి. చెరువైతే చేపల హక్కు ఎవరిదో అడిగి, వాళ్లు సరేనన్నాకే దిగు.

నువ్వు పరీక్షించే వస్తువును దుకాణంవాళ్లు ఉచితంగా ఇస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పు. ఊరికే వచ్చిన వస్తువు మీద నాలుక మెత్తబడుతుంది, నాకూ అలాగే అయింది. కొత్త గుడారం పక్కన నీ పాత గుడారం కూడా వెయ్యి. ఒకే రాత్రి, ఒకే వాన. నీ మాట నమ్మి ఎవరో పసిబిడ్డను వెంటబెట్టుకుని వెళతారు నాయనా.

కార్తీకంలో నాలుగు రోజులు సెలవు పెట్టుకుని రా. తోటలో బావి పక్కన పల్లం ఉంది, నీళ్లు నిలిచేది అక్కడే. గుడారం అక్కడే వేద్దాం. త్రాసు తుడిచి పెట్టాను. వచ్చేటప్పుడు కొత్త తీగ చుట్ట ఒకటి విప్పకుండా తీసుకురా.

పెదనాన్న