ఎంసెట్ రాయబోయే అమ్మాయికి

చిరంజీవి స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

మీ నాన్న పంపిన గ్రాండ్ టెస్ట్ పేపర్లు చూశాను. నీకు రాని చాప్టర్లు తక్కువే. కానీ ప్రతి పేపర్లోనూ చివర పదిహేను, ఇరవై బిట్లు ఖాళీగా ఉంటున్నాయి. నీ ర్యాంకు పోయేది అక్కడే. అందుకని కొత్త మెటీరియల్ ఏదీ కొనకు, ఉన్న టైము సర్దుకోవడం నేర్చుకో.

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్‌కు ఈఏపీసెట్ అని పేరు మారినా లెక్క పాతదే. 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. మైనస్ మార్కులు లేవు. నువ్వు మ్యాథ్స్‌తో మొదలుపెట్టి రెండు గంటలు అందులోనే ఉండిపోతున్నావు. ముందు కెమిస్ట్రీ తీసుకో, 30 నిమిషాల్లో ముగించు. అందులో చాలా బిట్లు తెలిస్తే అరనిమిషం, తెలియకపోతే ఎంతసేపు కూర్చున్నా రావు. తర్వాత ఫిజిక్స్‌కు 40 నిమిషాలు, మ్యాథ్స్‌కు 100. మిగిలిన పదీ వదిలేసిన వాటికి. ఏ బిట్టయినా రెండు నిమిషాలు దాటితే ఏదో ఒక ఆప్షన్ పెట్టి, రివ్యూకి మార్క్ చేసి ముందుకు వెళ్లు. ఖాళీగా మాత్రం వదలకు. జవాబు ఎంచుకున్నాక సేవ్ అండ్ నెక్స్ట్ నొక్కకుండా నేరుగా వేరే ప్రశ్న నంబరు మీద నొక్కితే ఆ జవాబు నిలవదు. కంప్యూటర్ మీద మాక్ టెస్టులు రాయకుండా వెళ్లిన పిల్లలు ఇక్కడే నష్టపోతారు.

మ్యాథ్స్‌లో ప్రతి లెక్కా మొదటినుంచి సాధించక్కర్లేదు. ఆప్షన్లు ఎదురుగా ఉన్నాయి కదా, వాటిని వాడుకో. (1 + cos 2x)/sin 2x విలువ అడిగాడనుకో. x బదులు 30 డిగ్రీలు పెడితే √3 వస్తుంది, అంటే cot x. అయితే 45 డిగ్రీలు ఎప్పుడూ పెట్టకు. అక్కడ tan, cot రెండూ 1 కాబట్టి రెండు ఆప్షన్లు సరిపోయినట్టే కనిపిస్తాయి. సున్నా, 90 కూడా అంతే, హారం సున్నా అయిపోతుంది. ఈ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ మోసం చేస్తుందో ఇంటి దగ్గరే చూసుకోవాలి, పరీక్ష హాల్లో కాదు.

టెస్ట్ రాసిన రోజు సాయంత్రమే తప్పుల నోట్‌బుక్ రాయి. జవాబు ఎక్కించి ఊరుకుంటే లాభం లేదు. తప్పు ఎందుకు వచ్చిందో పక్కన ఒక్క ముక్కలో రాయి: రాలేదు, లెక్క తప్పింది, ప్రశ్న సరిగా చదవలేదు. ‘సరికానిది ఏది’ అన్నచోట సరైనది పెట్టి వచ్చిన బిట్లు నీ పేపర్లలోనే నాలుగైదు కనిపించాయి. రానివాటికి చాప్టర్ చదవాలి, ప్రశ్న సరిగా చదవనివాటికి ‘సరికానిది’ లాంటి మాట మీద ఒక్క క్షణం ఆగాలి. రెండింటికీ మందు ఒకటి కాదు.

జనవరిలో జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ కూడా రాస్తావు కాబట్టి ఇంకో మాట. అది 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకు నాలుగు, తప్పుకు ఒకటి కోత. అక్కడ ఊహించి పెట్టకూడదు, ఇక్కడ పెట్టకుండా రాకూడదు. రెండు అలవాట్లూ కలిస్తే రెండూ చెడతాయి. అందుకే జనవరి దాకా మెయిన్ మాక్‌లే రాయి. ఫిబ్రవరి, మార్చి పూర్తిగా ఇంటర్‌కే వదిలెయ్యి. బోర్డు పరీక్షలను చిన్నచూపు చూడకు. ఆంధ్రలో ర్యాంకుకు ఎంసెట్ మార్కులు 75 శాతం, గ్రూపు సబ్జెక్టుల్లో ఇంటర్ మార్కులు 25 శాతం లెక్కకొస్తాయి. ఇంటర్‌లో పది శాతం తగ్గితే ఎంసెట్‌లో ఐదు మార్కులు పోయినట్టే. తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్న మీ బావ చెప్పే లెక్క నీకు వర్తించదు.

ఇంటర్ అయ్యాక మాక్ టెస్టులు పరీక్ష వేళల్లోనే రాయి: ఒకరోజు ఉదయం 9 నుంచి 12, ఇంకోరోజు మధ్యాహ్నం సెషన్ వేళకు. మధ్యాహ్నం సెషన్ పడితే అన్నం తిన్న మత్తులో మొదటి అరగంట పోతుంది. వారానికి మూడు చాలు, కానీ ప్రతిదానికీ తప్పుల నోట్‌బుక్ పూర్తవ్వాలి. చివరి వారం కొత్త చాప్టర్ ముట్టుకోకు. వేలిముద్ర తీసుకుంటారు, ఆ వారం ఇంట్లో పెళ్లి ఉన్నా చేతులకు గోరింటాకు వద్దు. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, కాబట్టి సెంటర్ ముందురోజే చూసిరండి.

ర్యాంకు వచ్చాక వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలూ బ్రాంచీలూ వరుసగా పెట్టే దగ్గర ఇంటిల్లిపాదీ ఒక పొరపాటు చేస్తారు. పోయిన ఏడాది కటాఫ్ చూసి ‘మనకు వచ్చేవి’ ముందు పెడతారు. పై ఆప్షన్‌లో సీటు వస్తే కింద ఉన్నవి ఇక చూడరు. నీకు నిజంగా కావలసినవి, రావేమో అనిపించినా సరే, పైన పెట్టు. పైన పెట్టినందుకు కిందివి పోవు. కటాఫ్ చూసుకోవలసింది జాబితా ఎంత కిందిదాకా రాయాలో తెలియడానికి.

మీ అమ్మకు చెప్పు, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఏప్రిల్‌లోనే తెచ్చి పెట్టమని. నీ పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఎలా ఉందో అన్నిట్లో అలాగే ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి, కౌన్సెలింగ్ వారంలో ఆఫీసుల చుట్టూ తిరిగే టైము ఉండదు.

వచ్చే గ్రాండ్ టెస్ట్ పేపరూ, నోట్‌బుక్‌లో ఆ పేజీలూ ఫొటో తీసి పంపు.

మీ పెదనాన్న