పదేళ్ల నాటి వీర్యనాళికతో గేదె చూడి కడుతుందా?

మీ గేదె చూడి కట్టక తిరగపొర్లిందని (మళ్లీ ఎదకొచ్చిందని), దానికి వేసిన నాళిక (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నని ప్లాస్టిక్ గొట్టం) మీద 2014 అని ఉందని, అన్నేళ్ల వీర్యకణాలు బతికుంటాయా, మోసపోయామా అని అడిగారు. సరిగ్గా దాస్తే బతికే ఉంటాయి. నేను ఇరవై ఏళ్లు గోపాలమిత్రగా, అంటే పశువులకు కృత్రిమ గర్భధారణ చేసేవాడిగా, ఊళ్లు తిరిగినవాణ్ని. పశువు తిరగపొర్లిన ప్రతిసారీ "పాత సరుకు వేశావు" అనే మాట పడ్డవాణ్ని కూడా.

నాళికల్ని ముంచి దాచే లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలుంటుంది. ఆ చలిలో కణంలో ఏ పనీ జరగదు, కాబట్టి వయసూ మీద పడదు. ఆస్ట్రేలియాలో 1968లో దాచిన పొట్టేళ్ల వీర్యాన్ని యాభై ఏళ్ల తర్వాత 56 గొర్రెలకు వేస్తే 34 చూడి కట్టాయి. అదే కణం, కరిగి గేదె ఒంట్లోకి వెళ్లిందంటే ఒక్కరోజు నిలవడమే గొప్ప. విడుదలైన అండానికి అంత ఆయుష్షు కూడా లేదు, కొన్ని గంటలే. అందుకే పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది (కృత్రిమ గర్భధారణ) వేయించమంటాం. (కోడిపెట్ట సంగతి వేరు. పుంజును కోసుకు తిన్నాక కూడా వారం పది రోజులు పిల్లలయ్యే గుడ్లు పెడుతుంది. కణాల్ని లోపలే దాచుకునే సన్నని గొట్టాలు దానికున్నాయి.)

నా చేతుల్లో పాడైన సరుకు మాత్రం పాతది కాదు. ఒక మే నెలలో పెళ్లికని రెండు రోజులు ఊరెళ్లాను. మూడు లీటర్ల నైట్రోజన్ కంటైనర్ మెడ దగ్గర బయట మంచు పట్టి ఉండటం వెళ్లేముందే చూశాను, పట్టించుకోలేదు. చలి బయటికి పోకుండా కంటైనర్ రెండు గోడల మధ్య ఉండే వాక్యూమ్ పోయిందనడానికి అదే గుర్తు. వచ్చేసరికి అడుగున చుక్క లేదు. గబగబా నైట్రోజన్ పోయించాను. నాళికలు మళ్లీ గడ్డకట్టాయి, చూడ్డానికి ఏ తేడా లేదు. వాటితోనే పదకొండు పశువులకు వేశాను. ఇరవయ్యో రోజు నుంచి ఒక్కొక్కటే ఎదకు రావడం మొదలైంది. పశువుల ఆసుపత్రిలో ఒక నాళిక కరిగించి మైక్రోస్కోప్ కింద పెడితే ఒక్క కణమూ కదల్లేదు. మొదటిసారి గడ్డకట్టించేటప్పుడు గ్లిజరాల్ కలిపి, ఒక పద్ధతి ప్రకారం చల్లబరుస్తారు. కరిగాక నేను చేసినట్టు మళ్లీ గడ్డకట్టిస్తే మంచు పలుకులు కణం పొరను చీల్చేస్తాయి. ఆ రైతులకు రెండోసారి డబ్బు తీసుకోలేదు గానీ, పోయిన 21 రోజుల పాలను ఎవరిస్తారు?

కాబట్టి ఈసారి మీ గోపాలమిత్ర చేతుల్ని చూడండి. నాళికలున్న గొట్టాన్ని కంటైనర్ మెడ దాటి పైకి లాగి, ఏ నాళిక తీయాలా అని వెతుకుతూ నిలబడకూడదు. అయిదారు సెకన్లలో తీసి మిగతావి కిందికి దించేయాలి. తీసిన నాళికను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. కొందరు చంకలో పెట్టుకుని, చొక్కా జేబులో వేసుకుని కరిగిస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కంటైనర్‌లో ఎంత నైట్రోజన్ ఉందో చూపించమంటే తప్పేం కాదు. కర్ర పుల్ల ముంచి తీస్తే మంచు పట్టినంత మేరా మట్టం.

మీ గేదెలో ఎద ఎప్పుడు కనబడింది, సూది ఎన్ని గంటలకు పడింది, ఈ రెండూ రాయలేదు. అవి రాస్తే తిరగపొర్లడం టైము తేడా వల్లనా కాదా చెప్పగలను.