రాత్రి డ్రైవింగ్ చేసేవారికి ఏ లెన్స్?

ప్రశ్న: నా వయసు 66. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ చేయాలన్నారు. కంట్లో అమర్చే మోనోఫోకల్, మల్టీఫోకల్ లెన్సుల్లో ఏది మేలు? నేను తరచూ రాత్రిపూట కారు నడుపుతాను.

జవాబు: మీ చివరి వాక్యమే చాలావరకు జవాబును నిర్ణయిస్తుంది. మోనోఫోకల్ లెన్స్ కాంతినంతటినీ ఒకే దూరానికి కేంద్రీకరిస్తుంది కనుక, దాన్ని దూరపు చూపుకు సరిపడేలా అమరిస్తే రోడ్డు స్పష్టంగా కనిపిస్తుంది, చదవడానికి మాత్రం కళ్లద్దాలు కావాలి. మల్టీఫోకల్ లెన్స్ అదే కాంతిని దగ్గరకూ దూరానికీ పంచుతుంది. దానివల్ల అద్దాల అవసరం బాగా తగ్గినా, మసక వెలుతురులో స్పష్టత కొంత తగ్గి, ఎదురొచ్చే వాహనాల దీపాల చుట్టూ వలయాలు కనిపించవచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో ఇది అలవాటవుతుంది, కొందరికి కాదు. ఖరీదైనదే మంచిదన్న లెక్క ఇక్కడ చెల్లదు. మీకైతే నేను మోనోఫోకల్ వైపే మొగ్గుతాను.

రెండింటికీ మధ్యస్థంగా, స్పష్టంగా కనిపించే దూరాల పరిధిని పెంచే ఈడాఫ్ (EDOF) లెన్సులు దూరానికీ కంప్యూటర్ తెరకూ పనికొస్తాయి. సన్నని అక్షరాలకు అద్దాలు తప్పకపోవచ్చు.

కార్నియా వంపులో తేడా, అంటే ఆస్టిగ్మాటిజం, ఎక్కువగా ఉంటే, దాన్ని సరిచేసే టోరిక్ రకం లెన్స్ గురించి అడగండి. రెటీనా జబ్బుగానీ, ముదిరిన గ్లకోమాగానీ ఉన్నవారికి మల్టీఫోకల్ సాధారణంగా తగదు కాబట్టి, నిర్ణయానికి ముందే ఆ పరీక్షలు చేయించుకోండి.