ఆర్‌సీ రేసింగ్ పడవకు ఎక్కువ కేవీ మోటారు మంచిదా, ఎక్కువ వోల్టుల బ్యాటరీ మంచిదా?

ఆర్‌సీ పడవ అంటే రిమోట్‌తో నడిపే చిన్న పడవ. ప్రశ్న అడిగినవారి దగ్గర 30 అంగుళాల మోనో హల్ (ఒకే అడుగుభాగం ఉన్న పడవ దేహం), 3ఎస్ (మూడు సెల్లులు వరుసగా కలిపిన) 5000 మిల్లీఆంపియర్ అవర్ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ప్యాకులు రెండు ఉన్నాయి. వాటిని పారలల్‌గా (వోల్టేజి పెరగకుండా పక్కపక్కన) కలిపి 3900 కేవీ (ఒక వోల్టుకు నిమిషానికి తిరిగే చుట్లు) మోటారుతో నడపాలా, లేక కొత్తగా 4ఎస్ ప్యాకు కొని 2200 కేవీ మోటారు పెట్టుకోవాలా, బ్యాటరీకి ఎన్ని ‘సీ’ (సామర్థ్యానికి ఎన్ని రెట్ల కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) ఉండాలి అన్నది వారి సందేహం. నేను సరిగ్గా ఇదే పొడవు హల్‌తో, ఇలాంటి రెండు 3ఎస్ ప్యాకులతోనే మొదలుపెట్టి ఒక ఈఎస్సీని (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరాన్ని) కాల్చుకున్నవాణ్ణి కనుక ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. నా సమాధానం మీరు చెప్పిన రెండు దారుల్లోనూ లేదు. ఆ రెండు ప్యాకులనే సిరీస్‌లో (వోల్టేజీలు కూడేలా ఒకదాని వెనక ఒకటి) కలిపి 6ఎస్ చేసుకోండి, 1400 కేవీకి దగ్గరగా ఉన్న మోటారు తీసుకోండి.

2018 మే నెలలో ఆకివీడు దగ్గర మా మేనమామగారి చేపల చెరువులో జరిగిన సంగతి చెబుతాను. పట్టుబడి అయిపోయి, చెరువు ఎండగట్టి, మళ్ళీ నీళ్ళు పెట్టి, ఇంకా పిల్ల వదలని రోజులవి. తవుడు సంచులు కట్టే వెదురు గెడలు వరుసగా నిలబడి ఉండటం తప్ప పడవకు అడ్డం ఏమీ లేదు. నా పడవలో రెండు 3ఎస్ ప్యాకులు పారలల్‌గా ఉన్నాయి, 36 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవు ఉన్న 3900 కేవీ మోటారు, 120 ఆంపియర్ల ఈఎస్సీ, 44 మి.మీ. ప్రొపెల్లరు పెట్టాను. అంతకు ముందు రోజు ముక్కు మరీ పైకి లేస్తున్నదని బ్యాటరీలను ముందుకు జరిపి, తీగలు అందకపోతే ఒక్కొక్కదానికి జానెడు ముక్క అతికాను. ఆ జానెడు తీగే కొంప ముంచుతుందని అప్పుడు నాకు తెలియదు.

మొదటి రెండు చుట్లు పడవ నీటిని తాకీ తాకనట్టు పోయింది. మూడో చుట్టులో గెడల అవతల మలుపు తిరుగుతుండగా మోటారు కూత ఒక్కసారిగా కిందికి దిగి ఆగిపోయింది, హ్యాచ్ (పడవ పైమూత) అంచుల నుంచి తెల్లటి పొగ వచ్చింది. చెరువు కాపలా చూసే పెద్దాయన మేత పడవ వేసుకుని వెళ్ళి, చెయ్యి వేసి వెంటనే వెనక్కి తీసుకుని, “ముట్టుకుంటే కాలిపోతందండి బాబూ, నీళ్ళల్లో ముంచేయమంటారా?” అని కేకేశాడు. వద్దని గట్టు మీద నుంచి నేను అరిచాను. ఆయన గోనెసంచి తడిపి దానితో పట్టుకుని తెచ్చాడు. హ్యాచ్ టేపు ఊడదీసి చూస్తే, ఈఎస్సీ మీద వరుసగా ఉండే నాలుగు కెపాసిటర్లలో మూడింటి నెత్తి బొబ్బలా ఉబ్బి ఉంది. నాలుగోదాని మూత లేచిపోయి లోపలి కాగితపు చుట్ట బయటికి వచ్చింది. ఈఎస్సీని చల్లబరచే నీటిగొట్టం శుభ్రంగా ఉంది, నడిచినంతసేపూ పక్క రంధ్రం నుంచి నీళ్ళు ధారగా పడటం నేను కళ్ళారా చూశాను. అయినా ఈఎస్సీ పోయింది, మోటారు చెయ్యి పెట్టలేనంత కాలింది, ప్యాకు ఒకటి కొద్దిగా ఉబ్బింది.

ఇప్పుడు లెక్క చూడండి. కేవీ అంటే బలం కాదు. లోడు లేకుండా ఒక వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్నది మాత్రమే. 3ఎస్ అంటే 11.1 వోల్టులు, 3900తో గుణిస్తే నిమిషానికి 43,000 చుట్ల పైమాట. నీటి ఉపరితలాన్ని చీల్చుకుంటూ తిరిగే చిన్న ప్రొపెల్లర్లకు, ఔత్సాహికుల పడవల్లో, 30,000 చుట్ల దరిదాపుల్లో ఉంటే చాలు. ప్రొపెల్లరు తినే శక్తి చుట్ల సంఖ్యకు సుమారుగా ఘనంలోనూ, వ్యాసానికి అయిదో ఘాతంలోనూ పెరుగుతుంది. అంటే 40 మి.మీ. తీసి 44 పెడితే, చూడటానికి నాలుగు మిల్లీమీటర్ల తేడాయే అయినా, శక్తి అరవై శాతం ఎక్కువ కావాలి. 31,000 చుట్ల నుంచి 43,000కు వెళితే ఇంకో 2.7 రెట్లు. రెండూ కలిస్తే కాగితం మీద నాలుగు రెట్లు దాటుతుంది. అంత శక్తి ఇవ్వగలిగిన బ్యాటరీ ఆ పడవలో లేదు కనుక వోల్టేజి కుంగిపోతుంది, కుంగిన వోల్టేజితోనే ఆంపియర్లు విపరీతంగా పారతాయి, మిగిలినదంతా వేడిగా మారుతుంది.

జానెడు తీగ సంగతి చాలామంది నమ్మరు, కానీ నా ఈఎస్సీని చంపింది అదేనని నాకు సందేహం లేదు. ఈఎస్సీ కరెంటును సెకనుకు వేలసార్లు వేసి ఆపుతుంది. బ్యాటరీ తీగ పొడుగైన కొద్దీ దాని ఇండక్టెన్స్ (కరెంటులో మార్పును అడ్డుకునే గుణం) పెరిగి, ఆపిన ప్రతిసారీ వోల్టేజి ఎగిసిపడుతుంది. ఆ ఒడిదుడుకులను మింగడమే కెపాసిటర్ల పని. మింగలేనప్పుడు అవి ఉడికిపోయి ఉబ్బుతాయి. అందుకే బ్యాటరీని ముందుకు జరపవలసి వస్తే ఈఎస్సీని కూడా దానితోపాటే జరపండి, మోటారు వైపు మూడు తీగలను పొడిగించుకోండి. అది వీలు కాకపోతే ఈఎస్సీకి ఆనుకుని, తక్కువ అంతర్గత నిరోధం ఉన్న కెపాసిటర్లను అదనంగా అతకండి.

ఆ ఏడాది దసరా సెలవుల్లో, అదే మామయ్యగారి ఇంకో చెరువులో, అదే హల్‌ను మళ్ళీ నడిపాను. ఉబ్బిన ప్యాకును ఉప్పునీళ్ళలో వేయకుండా, బల్బు పెట్టి పూర్తిగా ఖాళీ చేసి పక్కన పెట్టి, దాని బదులు అదే రకం ప్యాకులు జతగా కొన్నాను. రెండింటినీ సిరీస్‌లో కలిపితే 22.2 వోల్టులు. 1400 కేవీ మోటారు అదే 36 మి.మీ. వ్యాసంలో 74 మి.మీ. పొడవుది దొరికింది. గుణిస్తే 31,000 చుట్లు. 40 మి.మీ. ప్రొపెల్లరుతో నాలుగు నిమిషాలు నడిపి గట్టుకు తెచ్చి చెయ్యి పెడితే తీగలు గోరువెచ్చగా ఉన్నాయి. జీపీఎస్ పెట్టి చూసుకున్నప్పుడు వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటింది. పాత సెట్టింగు దీనికంటే వేగంగా పోయేదేమో అని మీరు అడగవచ్చు. తొంభై సెకన్లు కూడా నడవని పడవ వేగాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, పారలల్‌గా పెట్టినా సిరీస్‌లో పెట్టినా ప్యాకులు అవే, బరువు అదే, దాచుకున్న శక్తి అదే, 111 వాట్ అవర్లు. 1500 వాట్లు కావాలంటే 11.1 వోల్టుల దగ్గర 135 ఆంపియర్లు పారాలి, 22.2 వోల్టుల దగ్గర అందులో సగం చాలు. పారలల్‌లో ఆ 135 రెండు ప్యాకుల మధ్య పంచబడుతుంది కనుక ఒక్కొక్క ప్యాకు మీద పడే భారం రెండు పద్ధతుల్లోనూ సమానమే. తేడా అంతా ప్యాకుల తర్వాతనే ఉంది. ఈఎస్సీలో, కనెక్టర్లలో, తీగల్లో కరెంటు సగమైతే వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. పాత ఈఎస్సీ 3ఎస్‌కో 4ఎస్‌కో పరిమితమైతే మాత్రం దానికి 6ఎస్ తగిలించకండి, నిండుగా ఛార్జి చేసిన 6ఎస్ 25.2 వోల్టులు ఉంటుంది. తగిలించేటప్పుడు పెద్ద నిప్పురవ్వ కూడా వస్తుంది కనుక యాంటీ స్పార్క్ రకం ఎక్స్‌టీ90 కనెక్టరు వాడండి. రెండు ప్యాకులూ ఒకే వయసువి, ఒకే సామర్థ్యంవి అయి ఉండాలి.

‘సీ’ విషయానికి వస్తే, లేబుల్ మీది అంకెను నేను అసలు నమ్మను. 5000 ప్యాకు మీద 65సీ అని రాస్తే 325 ఆంపియర్లు నిరంతరంగా ఇస్తుందని అర్థం. ఆ ప్యాకుకు అతికిన తీగే అంత కరెంటును ఎక్కువసేపు మోయలేదు. మంచి ఛార్జరు ఒక్కొక్క సెల్లు అంతర్గత నిరోధాన్ని మిల్లీఓముల్లో చూపిస్తుంది, చూడవలసినది అదే. సెల్లుకు 3 మిల్లీఓములు ఉన్న 4ఎస్ ప్యాకు 100 ఆంపియర్ల దగ్గర 1.2 వోల్టులు కుంగుతుంది. సెల్లుకు 8 ఉన్న ప్యాకు 3.2 వోల్టులు కుంగి, 320 వాట్ల వేడిని తన పొట్టలోనే పుట్టిస్తుంది. బ్యాటరీకి నీటి గొట్టం ఉండదు. మోటారు చల్లగా ఉందని సంబరపడి బ్యాటరీని తాకి చూడనివారే ఎక్కువ ప్యాకులు పోగొట్టుకుంటారు. మన ఎండాకాలంలో చెరువు నీళ్ళే మధ్యాహ్నానికి గోరువెచ్చగా ఉంటాయి, ఆ నీటితో చల్లబరచడానికీ ఒక హద్దు ఉంటుంది కనుక విదేశాల వాళ్ళు వీడియోల్లో చూపించే సెట్టింగుల కంటే మనం ఒక మెట్టు కిందే ఉండాలి.

ఇంజనీరింగ్ కాలేజీల పోటీలకు వచ్చే పిల్లలను చూసినప్పుడల్లా నాకు బాధ కలిగే విషయం ఒకటుంది. డ్రోన్ల కోసం చవకగా దొరికే ఏ2212 రకం 1000 కేవీ మోటారును, 30 ఆంపియర్ల విమానం ఈఎస్సీతో జతచేసి పడవలో బిగిస్తారు. ఆ మోటారు తన ప్రొపెల్లరు విసిరే గాలితోనే చల్లబడేలా తయారైంది. మూసిన హల్ లోపల దానికి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా 3ఎస్ మీద 11,000 చుట్లు మాత్రమే తిరుగుతుంది కనుక వేగం చాలదని పెద్ద ప్రొపెల్లరు వేస్తారు, అది కాలిపోతే పడవలంటేనే విసుగు పుట్టి వదిలేస్తారు. అమ్మేవాళ్ళు కూడా మోటారు పెట్టె మీద ‘2ఎస్ నుంచి 6ఎస్ వరకు’ అని రాసి ఊరుకుంటారు తప్ప, ఏ కేవీకి ఎన్ని సెల్లులు అన్నది రాయరు. ఇక ఊళ్ళలో చెరువుల సంగతి చెప్పనక్కరలేదు. గుర్రపుడెక్క పట్టని చెరువు దొరకడం గగనమైంది, దాని వేరు ఒక్కటి నీటి రంధ్రంలో ఇరుక్కుంటే అర నిమిషంలో ఈఎస్సీ వేడెక్కుతుంది. కాబట్టి ప్రతి పరుగుకూ ముందు రంధ్రంలో ఊది చూసుకోండి.

రేసుల మాటకొస్తే, అమెరికాలో నాంబా సంస్థ పడవలను సెల్లుల సంఖ్యను బట్టే విభజిస్తుంది. అక్కడ పీ తరగతికి 4ఎస్, క్యూ తరగతికి 6ఎస్. యూరప్‌లోని నావిగా సంస్థ బ్యాటరీ బరువుకే హద్దు పెడుతుంది, మోనో 1 తరగతికి 280 గ్రాములు, మోనో 2 తరగతికి 560 గ్రాములు. అక్కడ రేసు ఆరు నిమిషాలు. ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు, అంటే 5000 ప్యాకు మొత్తం పిండినా సగటున 50 ఆంపియర్లకు మించి వాడుకోలేరు. లైపోలో అయిదో వంతు మిగల్చాలి కనుక నిజానికి 40 మాత్రమే, పారలల్‌గా రెండు ప్యాకులున్నా 80. ఈ ఒక్క లెక్క తెలిస్తే 3900 కేవీ మోటారు ఆ రేసు పూర్తిచేయలేదని వేరే చెప్పనక్కరలేదు. మీ పోటీ నిర్వాహకులు 4ఎస్ దాటనివ్వకపోతే మీరన్న 2200 కేవీ తప్పు కాదు, కాకపోతే 32,000 చుట్లు దాటుతుంది కనుక 38 మి.మీ. ప్రొపెల్లరుతో మొదలుపెట్టండి, 2000 కేవీ దొరికితే 40 పెట్టుకోవచ్చు.

ప్రొపెల్లర్ల గురించి ఒక జాగ్రత్త. ఆక్టురా వారి లోహపు ప్రొపెల్లర్లు బెరీలియం రాగితో చేసినవి. అంచులు పదును పెట్టి బ్యాలెన్స్ చేస్తేగాని అవి సరిగా పనిచేయవు, కానీ ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా ప్రమాదకరం. తడి ఎమెరీ కాగితంతో, మాస్కు వేసుకుని, ఇంటి బయట రుద్దండి. ఆ పొడి అంటిన బట్టను చిన్నపిల్లలున్న గదిలోకి తీసుకురాకండి.

మొదటి పరుగు ముప్ఫై సెకన్లకు మించనివ్వకండి. గట్టుకు తెచ్చి హ్యాచ్ తీసి ముందు బ్యాటరీ మీద, తర్వాత కనెక్టరు మీద, ఆ తర్వాత మోటారు మీద అరచెయ్యి ఆనించి, పది అంకెలు లెక్కపెట్టేవరకు ఉంచగలిగితే ఇంకో నిమిషం నడపండి. మూడుసార్లు అలా జరిగాక 42 మి.మీ. ప్రొపెల్లరు వేసి, మళ్ళీ ముప్ఫై సెకన్ల నుంచి మొదలుపెట్టండి.