డీడూప్ బ్యాకప్ అప్లయన్స్‌లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తిరుపతి, చిత్తూరు జిల్లాల పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం బ్యాకప్ గురించే ఉన్నాయి. ఒకే డేటా పదేపదే వచ్చినా దాన్ని ఒక్కసారే దాచి, మిగతా చోట్ల దాని గుర్తు మాత్రమే రాసుకునే డీడూప్లికేషన్ అప్లయన్స్‌లను ఎలా అమర్చుకోవాలని పలువురు అడిగారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా ఆసుపత్రికి నాలుగు నెలల క్రితం డీడూప్ అప్లయన్స్ తీసుకున్నాం. సర్వర్ల బ్యాకప్‌కు వీమ్, ఒరాకిల్ డేటాబేస్‌కు ఆర్‌మ్యాన్ వాడుతున్నాం. స్కానింగ్ చిత్రాలు కూడా అందులోకే వెళ్తున్నాయి. డేటా ఇరవై రెట్లు తగ్గుతుందని అమ్మినవారు చెప్పారు. స్క్రీన్ మీద మూడు రెట్లు కూడా కనిపించడం లేదు. మేనేజ్‌మెంట్ నన్ను నిలదీస్తోంది. లోపం అప్లయన్స్‌లో ఉందా, మా సెట్టింగుల్లో ఉందా?
– ఐటీ విభాగం ఉద్యోగి, తిరుపతి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అప్లయన్స్‌లో లోపం ఉందనుకోవడానికి ఆధారం లేదు. అది పనిచేసే తీరు తెలిస్తే ఎక్కడ వెతకాలో మీకే అర్థమవుతుంది. వచ్చే డేటాను అది చిన్న ముక్కలుగా కోస్తుంది. డెల్ కంపెనీ అప్లయన్స్ అయిన డేటా డొమైన్ పద్ధతిలో ఈ ముక్కలు 4 నుంచి 12 కేబీ వరకు, సగటున 8 కేబీ ఉంటాయి. కోత ఎక్కడ పడాలన్నది డేటాలోని విషయాన్ని బట్టే నిర్ణయమవుతుంది కనుక, ఫైలు మొదట్లో నాలుగు అక్షరాలు కొత్తగా చేరినా ఆ చుట్టుపక్కల ముక్కలే మారతాయి తప్ప మిగతావన్నీ నిన్నటిలాగే ఉంటాయి. ప్రతి ముక్కకూ వేలిముద్ర లాంటి ఒక అంకెను, అంటే హ్యాష్‌ను లెక్కగట్టి, అది ముందే తన దగ్గర ఉంటే కేవలం గుర్తు రాసుకుని, లేకపోతే ఆ ముక్కను కంప్రెస్ చేసి డిస్కులో దాస్తుంది.

ఇదంతా సాగాలంటే నిన్నటి డేటా, ఇవాళ్టి డేటా ఒకే రూపంలో అప్లయన్స్‌కు చేరాలి. దారిలో ఎవరైనా కంప్రెస్ చేసినా, ఎన్‌క్రిప్ట్ చేసినా ఆ పోలిక చెదిరిపోతుంది. అందుచేత ముందుగా ఆర్‌మ్యాన్ స్క్రిప్టు తెరిచి, కంప్రెస్డ్ బ్యాకప్‌సెట్ అన్న మాట ఉంటే తీసేయండి. ఎన్‌క్రిప్షన్ కూడా అక్కడ వద్దు; దారిలో రక్షణకు టీఎల్‌ఎస్, డిస్కులో రక్షణకు అప్లయన్స్ సొంత ఎన్‌క్రిప్షన్ ఉన్నాయి. ఒక్కో బ్యాకప్ సెట్‌లో ఎన్ని ఫైళ్లు కలపాలో చెప్పే ఫైల్స్‌పర్‌సెట్ విలువను 1కి మార్చండి. లేకపోతే అనేక డేటాఫైళ్ల బ్లాకులు కలగాపులగంగా ఒకే ప్రవాహంలో వస్తాయి, ఆ కలయిక రోజుకో రకంగా ఉంటుంది. నెట్‌బ్యాకప్ వంటి సాఫ్ట్‌వేర్ వాడేవారు మల్టీప్లెక్సింగ్ (పలు బ్యాకప్‌లను ఒకే ప్రవాహంలో కలపడం) ఆపాలని చెప్పేదీ ఇందుకే. వీమ్‌లో రిపాజిటరీ (బ్యాకప్‌లు దాచే చోటు) అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో, దాచే ముందు డేటా బ్లాకులను డీకంప్రెస్ చేసే ఎంపికను టిక్ చేసి, జాబ్‌లో 4 ఎంబీ బ్లాకు సైజు ఎంచుకోండి. సాధారణ ఫైల్ షేరుగా కాకుండా డేటా డొమైన్‌కైతే డీడీ బూస్ట్, హెచ్‌పీఈ అప్లయన్స్ అయిన స్టోర్‌వన్స్‌కైతే కెటలిస్ట్ అనే సొంత అనుసంధానం ద్వారా కలిపితే, అప్లయన్స్‌లో లేని ముక్కలే నెట్‌వర్క్ మీదుగా వెళ్తాయి. డేటాబేస్‌లోనే టీడీఈ ఎన్‌క్రిప్షన్ ఉంటే మాత్రం రెట్లు పెద్దగా పెరగవు. రెట్ల కోసం దాన్ని తీసేయమని నేను చెప్పను. రోగుల వివరాల భద్రత ముందు కొంత డిస్కు ఖర్చు లెక్కలోది కాదు.

ఇక స్కానింగ్ చిత్రాలు. అవి చాలా చోట్ల కంప్రెస్ అయ్యే నిల్వ అవుతాయి, ఒకరి చిత్రం మరొకరి చిత్రంలా ఉండదు. వాటిలో ఉమ్మడి ముక్కలు దొరకాలనుకోవడం అత్యాశ. ఒకసారి నిల్వ అయ్యాక అవి మారవు కాబట్టి వారం వారం ఫుల్ బ్యాకప్ తీయవలసిన పని కూడా లేదు. వాటికి అప్లయన్స్‌లో వేరే నిల్వ విభాగం (డేటా డొమైన్‌లో దీన్ని ఎమ్‌ట్రీ అంటారు) పెట్టి, ఆ లెక్కను విడిగా చూడండి. అన్నీ ఒకే చోట ఉన్నంతకాలం డేటాబేస్ బాగా తగ్గుతోందా లేదా అన్నది చిత్రాల బరువు కింద కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు ఆ ‘ఇరవై రెట్ల’ సంగతి. 10 టీబీ డేటా ఉండి, రోజుకు 200 జీబీ మారుతూ, 30 రోజుల కాపీలు ఉంచుతున్నారనుకుందాం. మారినదంతా కొత్తదే అనుకుని, కంప్రెషన్ వల్ల సగం తగ్గుతుందనుకుంటే డిస్కులో పట్టేది సుమారు 7.9 టీబీ. రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తే అప్లయన్స్‌కు 300 టీబీ పంపినట్టు లెక్క. స్క్రీన్ మీద 38 రెట్లు కనిపిస్తుంది. వారానికొక ఫుల్ చొప్పున నాలుగు, మిగతా రోజులు ఇంక్రిమెంటల్ (మారినది మాత్రమే) అయితే పంపింది సుమారు 45 టీబీ. ఆరు రెట్లకు కాస్త తక్కువ. మొదట ఒక్క ఫుల్, తర్వాత అన్నీ ఇంక్రిమెంటల్ అయితే పంపింది 15.8 టీబీ, సరిగ్గా రెండు రెట్లు. మూడు పద్ధతుల్లోనూ డిస్కులో పట్టింది దాదాపు అంతే. మీది మూడో పద్ధతి అయితే, సెట్టింగులన్నీ సరిచేశాక కూడా అంకె పెద్దగా మారకపోవచ్చు. అప్పుడు అందులో తప్పేమీ లేదు. పైగా 10 రెట్లంటే 90 శాతం ఆదా, 20 రెట్లంటే 95 శాతం. అంకె రెట్టింపైనా ఆదా పెరిగింది ఐదు శాతమే. మేనేజ్‌మెంట్‌కు రెట్లకు బదులు డిస్కులో నిజంగా నిండిన టీబీ, వారానికి పెరుగుతున్న జీబీ, ప్రధాన డేటాబేస్‌ను రీస్టోర్ చేయడానికి పట్టిన గంటలు చూపించండి. వాళ్లు తెలుసుకోవలసినవి అవే.

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఎగుమతి చేసే కంపెనీ. సర్వర్లలో సుమారు 8 టీబీ డేటా ఉంది. రెండో కాపీని తిరుపతిలోని మా కార్యాలయానికి పంపాలనుకుంటున్నాం. మధ్యలో 100 ఎంబీపీఎస్ లైను ఉంది. ఎంత సామర్థ్యం ఉన్న అప్లయన్స్ కొనాలి? ఈ లైను చాలుతుందా?
– సిస్టమ్స్ మేనేజర్, చిత్తూరు

జవాబు: అప్లయన్స్ పరిమాణాన్ని తేల్చేది రోజువారీ మార్పు శాతం. దాన్ని ఏ నెలలో కొలిచారన్నది మీ వ్యాపారంలో ముఖ్యం. జనవరిలో కొలిస్తే రోజుకు 1 శాతం రావచ్చు. జూన్, జూలైలలో తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరినప్పుడు, తూకం చీటీలు, నాణ్యత పరీక్షలు, డ్రమ్ముల లేబుళ్లు, రైతుల చెల్లింపులు అన్నీ కలిసి అదే 3 శాతానికి పోవచ్చు. ఆ తేడా ఎంతో చూడండి. 30 రోజుల కాపీలకు, సగం కంప్రెషన్‌తో, 1 శాతం లెక్కన 5.2 టీబీ, 3 శాతం లెక్కన 7.5 టీబీ వస్తుంది. డేటా ఏడాదికి 20 శాతం పెరుగుతుందనుకుని మూడేళ్లు ముందుకు చూసి, ఐదో వంతు ఖాళీగా ఉంచితే మొదటిది 11 టీబీకి, రెండోది 16 టీబీకి చేరుతుంది. నెలవారీ, వార్షిక కాపీలు కూడా కలుపుకుని, వాడుకోదగిన స్థలం 20 టీబీ ఉన్నదాన్ని అడగండి. కొటేషన్‌లో రెట్లు హెచ్చవేసి చూపే ‘లాజికల్’ సామర్థ్యాన్ని పక్కన పెట్టి, ఈ వాడుకోదగిన స్థలాన్నే రాతపూర్వకంగా తీసుకోండి.

లైను విషయానికి వస్తే, 100 ఎంబీపీఎస్ మొత్తం మీకే దొరికినా గంటకు 45 జీబీ మించదు. ఆచరణలో 30 జీబీ అనుకోవడం మంచిది. సీజన్‌లో రోజుకు 240 జీబీ మారితే, కంప్రెషన్ తర్వాత 120 జీబీ. నాలుగు గంటల్లో వెళ్లిపోతుంది. రాత్రి వేళకు పెట్టుకుని, పగటిపూట వేగానికి హద్దు పెడితే ఇబ్బంది లేదు. చిక్కు వచ్చేది మొదటి కాపీతోనే. మీ 8 టీబీ కంప్రెషన్ తర్వాత 4 టీబీ అయినా, దానికి ఇదే లైను మీద ఐదు రోజులకు పైగా పడుతుంది. కనుక రెండు అప్లయన్స్‌లనూ ముందు చిత్తూరులోనే పక్కపక్కన పెట్టి, లోపలి నెట్‌వర్క్ మీద మొదటి రిప్లికేషన్ (ఒకదాని నుంచి మరొకదానికి కాపీ) పూర్తిచేసి, తర్వాత రెండోదాన్ని బండిలో తిరుపతికి తీసుకెళ్లండి.

అక్కడ దాన్ని ఎక్కడ పెడతారన్నది కూడా ఆలోచించండి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఎలా మునిగాయో మనందరం చూశాం. కింది అంతస్తు వద్దే వద్దు. తిరుపతి, చిత్తూరు ఒకే వాయుగుండం కిందికి వచ్చే ఊళ్లు కాబట్టి, అతి ముఖ్యమైన డేటా మూడో కాపీని టేపులోనో, ముంబై, హైదరాబాద్ వంటి దూరపు నగరాల్లోని క్లౌడ్ కేంద్రంలోనో ఉంచాలి. ఖాతా పుస్తకాలను ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే కంపెనీలు వాటి బ్యాకప్‌ను భారతదేశంలో ఉన్న సర్వర్లలో ఉంచాలని కంపెనీల అకౌంట్స్ నియమాలు చెబుతున్నాయి. 2022 ఆగస్టులో చేసిన సవరణతో అది రోజువారీ బాధ్యత అయింది. ఖాతాలను 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచాలన్న నియమం కూడా ఉంది. దాని కోసం ఎనిమిదేళ్ల రోజువారీ కాపీలు ఉంచనక్కరలేదు. ఏడాది చివరి కాపీ, దాన్ని తెరవగల సాఫ్ట్‌వేర్ వెర్షన్ రెండూ ఉంటే సరిపోతుంది.

ప్రశ్న: రెండు వేర్వేరు ముక్కలకు ఒకే హ్యాష్ వస్తే డేటా పాడైపోదా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మంచి ప్రశ్న. 160 బిట్ల ఎస్‌హెచ్‌ఏ-1 తీసుకుంటే, 1 పీబీ డేటాను 8 కేబీ ముక్కలు చేస్తే 2 ఘాతం 37 ముక్కలు వస్తాయి. వాటిలో ఏ రెండింటికైనా యాదృచ్ఛికంగా ఒకే హ్యాష్ వచ్చే అవకాశం సుమారు 2 ఘాతం 87లో ఒక వంతు. డిస్కు బిట్లను తప్పుగా చదివే అవకాశం ఇంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధకులు ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ ఒకటే అయిన రెండు పీడీఎఫ్‌లను తయారుచేసి చూపించారు. అయితే అది అపారమైన లెక్కింపుతో కావాలని చేసినది, యాదృచ్ఛికంగా జరిగినది కాదు.

ప్రశ్న: పాత బ్యాకప్‌లు తొలగించినా అప్లయన్స్‌లో స్థలం ఖాళీ కావడం లేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, రేణిగుంట

జవాబు: తొలగించినప్పుడు పోయేది ఆ బ్యాకప్ పట్టిక మాత్రమే. అందులోని ముక్కలను వేరే బ్యాకప్‌లు కూడా వాడుకుంటుంటాయి. ఎవరికీ అక్కరలేని ముక్కలను ఏరి తీసేసే క్లీనింగ్ పని నడిచాకే స్థలం వస్తుంది. డేటా డొమైన్‌లో అది మామూలుగా ప్రతి మంగళవారం ఉదయం 6 గంటలకు మొదలవుతుంది. మీ బ్యాకప్ వేళతో ఢీకొంటే మార్చుకోండి. అయినా స్థలం రాకపోతే మరచిపోయిన స్నాప్‌షాట్‌లు, వెనకబడిపోయిన రిప్లికేషన్, గడువు తీరని రిటెన్షన్ లాక్ (గడువు దాకా తొలగించనివ్వని తాళం) ఉన్నాయేమో చూడండి. నిండుతోందని రోజూ క్లీనింగ్ నడపకండి. 80 శాతం దగ్గరే హెచ్చరిక మెయిల్ వచ్చేలా పెట్టుకుంటే ఆ అవసరం రాదు.

ప్రశ్న: ర్యాన్‌సమ్‌వేర్ వస్తే బ్యాకప్‌లను కూడా నాశనం చేస్తుందంటున్నారు. అప్లయన్స్‌లో ఉంటే క్షేమమేనా?
– ఫ్యాక్టరీ ఐటీ అధికారి, శ్రీసిటీ

జవాబు: అప్లయన్స్‌లో ఉన్నంత మాత్రాన క్షేమం కాదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ర్యాన్‌సమ్‌వేర్ దాడి జరిగి, రోజుల తరబడి రోగుల నమోదు చేతిరాతతో సాగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాడి చేసేవారు ముందుగా వెతికేది బ్యాకప్ నిర్వాహకుడి పాస్‌వర్డునే. కాబట్టి అప్లయన్స్ లాగిన్‌ను ఉద్యోగుల లాగిన్‌లన్నిటినీ నడిపే కంపెనీ యాక్టివ్ డైరెక్టరీతో కలపకండి. మేనేజ్‌మెంట్ పోర్టును వేరే నెట్‌వర్క్‌లో ఉంచి, రెండో అంచె ధృవీకరణ పెట్టండి. సర్వర్‌ను దూరం నుంచి ఆపి తెరవగల ఐడ్రాక్ వంటి పోర్టులను కూడా అదే కట్టుబాటులోకి తేవాలి. అక్కడి నుంచి డిస్కులనే తుడిచేయగలిగితే లోపలి తాళాలు ఎన్ని ఉన్నా ఒకటే.

తర్వాత రిటెన్షన్ లాక్. డేటా డొమైన్‌లో గవర్నెన్స్ రకం తాళాన్ని తగిన అధికారం ఉన్న నిర్వాహకుడు సడలించగలడు; కంప్లయన్స్ రకంలో గడువు తీరేదాకా నిర్వాహకుడు కూడా తొలగించలేడు, ముఖ్యమైన ఆదేశాలకు సెక్యూరిటీ ఆఫీసర్ అనే రెండో వ్యక్తి అనుమతి కావాలి. ఆ రెండో పాస్‌వర్డును ఐటీ విభాగంలో కాకుండా ఫైనాన్స్ అధికారి దగ్గర ఉంచండి. గడువు మొదట 14 రోజులతో మొదలుపెట్టండి. ఉత్సాహం కొద్దీ ఏడాది పెట్టేస్తే, అప్లయన్స్ నిండిపోయినా మీరు చేయగలిగింది ఉండదు. తాళం గడువు గడియారాన్ని బట్టి నడుస్తుంది కనుక సమయ మూలం నమ్మకమైనది కావాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు కూడా ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయ సర్వర్లతో గడియారాలను కలపాలని, లాగ్‌లను 180 రోజులు ఉంచాలని, దాడి తెలిసిన 6 గంటల్లోగా తనకు తెలియజేయాలని చెబుతున్నాయి.

ఇవన్నీ చేసినా రీస్టోర్‌కు ఎంతసేపు పడుతుందో కొలవకపోతే మీ పని సగంలో ఆగినట్టే. డీడూప్ అప్లయన్స్‌లో ఒక బ్యాకప్ ముక్కలు ఎక్కడెక్కడో ఉంటాయి, వాటిని కూర్చి చదవడానికి మామూలు డిస్కు కన్నా ఎక్కువ సమయం పడుతుంది. అందులోంచే నేరుగా పది వర్చువల్ మెషిన్లను నడిపించాలనుకుంటే అవి నత్తనడక నడుస్తాయి. ఫ్యాక్టరీ లైను ఆగకూడని సర్వర్లకు వారం రోజుల కాపీలను మామూలు డిస్కు మీద కూడా ఉంచండి. నెలకొకసారి ఒక సర్వర్‌ను విడి నెట్‌వర్క్‌లోకి రీస్టోర్ చేసి, మెషిన్ ఆన్ అయిందని సరిపెట్టుకోకుండా, స్టోర్స్ గుమాస్తాను పిలిచి నిన్నటి చివరి ఇన్‌వాయిస్ కనబడుతోందో లేదో చూడమనండి. మొదలైన సమయం, ముగిసిన సమయం, వాడిన ఆదేశాలు, అప్లయన్స్ చిరునామా, సపోర్ట్ కాంట్రాక్టు నంబరు, సెర్ట్-ఇన్‌కు తెలియజేసే పద్ధతి ఒక కాగితం మీద అచ్చువేసి సర్వర్ గది బీరువాలో ఒకటి, సెక్యూరిటీ ఆఫీసర్ దగ్గర ఒకటి ఉంచండి. ఫైల్ సర్వర్‌లో మాత్రమే ఉన్న పత్రం, దాడి జరిగిన రోజున మిగతా ఫైళ్లతోపాటే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది.