పిల్లల పాత కార్ సీటును మళ్లీ వాడవచ్చా?

బంధువులు ఇచ్చిన పాత కార్ సీటును, దాని గడువు దాటలేదని, అది ఏ కారు ప్రమాదానికీ గురికాలేదని కచ్చితంగా తెలిసి, పట్టీలూ బకిలూ సరిగ్గా ఉంటేనే మళ్లీ వాడవచ్చు. వీటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా పక్కన పెట్టడమే మేలు.

గడువును కొన్న రోజు నుంచి కాక తయారైన తేదీ నుంచి లెక్కిస్తారు. సాధారణంగా అది 6 నుంచి 10 ఏళ్లు. దీనికి ప్రధాన కారణం ప్లాస్టిక్. వేసవిలో బయటే 45 డిగ్రీలు దాటే చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో, ఎండలో నిలిపిన కారు లోపల పగలంతా కాగి, రాత్రికి చల్లబడే సీటు డొప్ప ఏళ్లు గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. కారు ఢీకొన్నప్పుడు కాస్త వంగి దెబ్బను తానే తీసుకోవలసిన ఆ డొప్ప, పెళుసెక్కితే విరిగిపోవచ్చు.

మంచిర్యాలలోని మేనత్త తన పిల్లలు వాడిన సీటును 2025లో బల్లార్షాలోని మేనల్లుడి బిడ్డకు ఇచ్చిందనుకుందాం. సీటు అడుగున గడియారపు ముఖంలాంటి చిన్న ముద్ర మధ్య 15 అనే అంకె ఉండి, బాణం 4 వైపు చూపుతుంటే ఆ భాగం 2015 ఏప్రిల్‌లో పోతపోసినదని అర్థం. లేబుల్‌పై గడువు 7 ఏళ్లని ఉంటే అది 2022లోనే ముగిసింది. పై గుడ్డ ఎంత కొత్తగా ఉన్నా ఈ లెక్క మారదు.

పగుళ్లు కనిపించకపోతే సీటు బాగున్నట్లేనని చాలామంది పొరబడతారు. గట్టిగా ఢీకొన్న కారులోని సీటుకు, ఆ సమయంలో అందులో బిడ్డ లేకపోయినా, కంటికి ఆనని చీలికలు ఏర్పడవచ్చు, పట్టీలు సాగిపోవచ్చు.