ఎండ కాస్తుంది సరే, కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ప్రశ్న: ఇంకో ఆరేళ్లలో రిటైర్ అవుతాను. దాచుకున్న దాంట్లో మూడో వంతు, వర్ధమాన దేశాల్లో సోలార్, విండ్ ప్రాజెక్టులు కట్టే ఫండ్‌లో పెడదామనుకుంటున్నాను. ఎండ, గాలి ఎప్పుడూ ఉండేవే కాబట్టి నష్టం రాదని మిత్రులంటున్నారు. నిజమేనా?

జవాబు: పెట్టండి, కానీ మూడో వంతు వద్దు. పదో వంతు దాటనివ్వకండి. కరెంటు సరిగ్గా అందని చోటికి మీ డబ్బు వెలుగు తెస్తుందంటే నాకూ సంతోషమే. అయితే మీ మిత్రులు సగమే చెప్పారు.

ఎండకీ గాలికీ ఎవరూ డబ్బు అడగరు. కానీ బొగ్గు ప్లాంటు ఏటా బొగ్గు కొంటుంటే, ఇక్కడ దాదాపు ఖర్చంతా కట్టేటప్పుడే అయిపోతుంది, అదీ ఎక్కువగా అప్పు తెచ్చి. కాబట్టి వడ్డీ రేటు కాస్త పెరిగినా లెక్క తలకిందులవుతుంది. అప్పు డాలర్లలో ఉండి, ఆదాయం స్థానిక కరెన్సీలో వస్తుంటే టెన్షన్ ఇంకా ఎక్కువ. ఆ ఆదాయం కూడా చాలాచోట్ల ఒకే ప్రభుత్వ విద్యుత్ సంస్థ నుంచి ఇరవై ఏళ్ల పాటు రావాలి.

కెన్యా సంగతి చూడండి. తుర్కానా సరస్సు దగ్గర 365 టర్బైన్లతో 310 మెగావాట్ల విండ్ ఫామ్ 2017లోనే సిద్ధమైంది. అక్కడి గాలికి వంక పెట్టలేం. కానీ కరెంటును మోసుకెళ్లే 400 కిలోమీటర్లకు పైగా లైను 2018 దాకా పూర్తి కాలేదు. ఒప్పందంలో జాప్యానికి పరిహారం రాసుకున్నారు కాబట్టి కంపెనీ గట్టెక్కింది, భారం అక్కడి ప్రజల మీద పడింది. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. వియత్నాంలో కథ వేరు. 2019 జూన్‌లోగా మొదలైన సోలార్ ప్లాంట్లకు యూనిట్‌కు 9.35 అమెరికన్ సెంట్లు ఇస్తామనడంతో అందరూ ఎగబడ్డారు. గ్రిడ్, అంటే కరెంటును మోసే లైన్ల వ్యవస్థ, తట్టుకోలేక కొన్ని ప్లాంట్లను ఉత్పత్తి తగ్గించుకోమన్నారు.

అందుకే ఫండ్ వాళ్లను గట్టిగా అడగండి. కరెంటు కొనేదెవరు, పాత బకాయిలు ఎన్ని నెలలవి? గ్రిడ్ తీసుకోని కరెంటుకు డబ్బు వస్తుందా? ఇప్పటికే నడుస్తున్న ప్లాంట్లు ఎన్ని, ఇంకా కాగితం మీదున్నవి ఎన్ని? మీ వయసులో నడుస్తున్న ప్లాంట్ల వాటా ఎక్కువున్న ఫండే మేలు, రాబడి కాస్త తగ్గినా సరే.

వీటన్నిటికంటే ముందు లాకిన్, అంటే డబ్బు వెనక్కి తీసుకోలేని గడువు, ఎన్నేళ్లో చూడండి. ఇలాంటి ఫండ్లలో డబ్బు పదేళ్లు ఇరుక్కోవడం మామూలే. మీ చేతిలో ఉన్నది ఆరేళ్లు.